పదివేల రూపాయల పెట్టె

చాలా కాలంగా వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఇప్పుడు రాయడానికి కారణం ఇంటి సర్దుడు. గద్వాలలో మా పాత ఇంటి అటక మీది సామాను దింపుతుంటే, అమ్మ చీర చుట్టిపెట్టిన ఒక కంప్యూటరు పెట్టె బయటపడింది. ముందు భాగాన నేను అంటించిన పెంగ్విన్ బొమ్మ సగం చిరిగిపోయి ఉంది. 2005 దసరాకు నాయన కోసం కొన్న పెట్టె అది. చవక ధరకు లినక్సు కంప్యూటరు ఇంటింటికీ చేరబోతోందని మనలో చాలామంది గట్టిగా నమ్మిన రోజులవి. లేఖినిలో టైపు చేసి కూడలిలో పేరు చూసుకుని మురిసిపోయిన మిత్రులకు ఆ నమ్మకం ఎంత బలమైనదో వేరే చెప్పనక్కరలేదు. అది ఎక్కడ మొదలై పాలమూరు దాకా ఎలా వచ్చిందో, వచ్చి ఏమైందో నాకు తెలిసినంతవరకు రాసిపెడతాను.

కథ మొదలైన చోటు మా ఊరికి మరీ దూరం కాదు. కాచిగూడలో బయలుదేరి గద్వాల, కర్నూలుల మీదుగా వెళ్ళే రైలెక్కితే తెల్లవారేసరికి దిగే బెంగుళూరే అది. అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజనీర్లు కలిసి 1999లో సింప్యూటర్ ట్రస్టు పెట్టారు. చదువు రానివారికి సైతం ఉపయోగపడే చేతి కంప్యూటరు, తొమ్మిదివేల రూపాయల లోపల, లినక్సుతో. 2001 ఏప్రిల్‌లో నమూనా చూపించారు. తెర మీద పుల్లతో తాకితే పనిచేసేది. స్మార్ట్ కార్డు దూర్చడానికి ఒక గాడి ఉండేది. ఊరికి ఒక పరికరం ఉంటే చాలు, మనిషికొక కార్డు ఉంటుంది, ఎవరి కార్డు పెడితే వారి వివరాలు వస్తాయి అన్నది వారి ఊహ. చావడిలో ఒకే రేడియో చుట్టూ ఊరంతా కూర్చున్న కాలం గుర్తున్నవారికి ఆ ఊహ వింతగా తోచదు. ఆ ఏడాది న్యూయార్క్ టైమ్స్ సైతం దాన్ని ఆకాశానికెత్తింది.

తీరా అది 'అమిడా' పేరుతో అంగడికి వచ్చేసరికి 2004 మార్చి అయింది. అన్నిటికన్నా చవకది, తెరలో రంగులు లేనిది, పదివేలకు ఏభై రూపాయలు తక్కువ. ఏభైవేలు అమ్ముడవుతాయనుకున్నచోట నాలుగైదు వేల దగ్గరే ఆగిపోయింది. కర్ణాటక భూమి రికార్డుల పనికి కొన్నిటిని వాడారు. ఈ ఓటమిని ఎగతాళి చేసినవారిని చూశాను గానీ నాకెప్పుడూ అలా అనిపించలేదు. 2001లో వారు గీసిన బొమ్మ, అంటే తాకితే పలికే, స్థానిక భాష తెలిసిన, లినక్సు మీద నడిచే చేతి పరికరం, ఈనాడు ప్రతి జేబులోనూ ఉంది. వారు పొరబడింది ఒక్కచోటే. దాన్ని ఊరంతా పంచుకుంటుందనుకున్నారు.

ఆ తరువాత వంతు బల్ల మీది కంప్యూటరుది. అప్పటి కేంద్ర ఐటీ మంత్రి దయానిధి మారన్ పదివేలలోపు కంప్యూటరు రావాలని సభ తరువాత సభలో చెబుతూ వచ్చారు. 2005 ఆగస్టులో హెచ్‌సీఎల్ సంస్థ 9,990 రూపాయలకు ఒకదాన్ని విడుదల చేసింది. ఒక గిగాహెర్ట్జ్ వయా ప్రాసెసరు, 128 ఎంబీ మెమరీ, 40 జీబీ డిస్కు, 15 అంగుళాల తెర, లోపల లినక్సు. కలకత్తా నుంచి జెనిటిస్ వారి 'ఆమార్ పీసీ' అదే ధరకు వచ్చింది. లినక్సే ఎందుకన్న ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. విండోస్‌నూ ఆఫీసునూ చిల్లర ధరకు కొంటే ఆ రెండే పెట్టె ఖరీదును మించిపోయేవి. మైక్రోసాఫ్ట్ తన వంతుగా ఎక్స్‌పీ స్టార్టర్ అనే చవక రకాన్ని తెచ్చింది. అందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరవడానికి వీల్లేదు. పేదవాడికి మూడు చాలునని ఎవరు లెక్కగట్టారో!

పదివేలంటే ఎవరికి చవక అన్నది వేరే ప్రశ్న. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. రోజు కూలి ఎనభై రూపాయలు. పథకం హామీ ఇచ్చిన నూరు రోజులూ పనిచేసి, ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా దాచినా ఎనిమిదివేలే. బొంబాయికీ పూణేకూ మట్టిపనికి వలసపోయే ఇళ్ళకు ఆ పెట్టె చవకది కాదు. అది చవకైనది మాలాంటి వాళ్ళకు, పింఛను వచ్చే బడిపంతుళ్ళకు, చిన్న వ్యాపారులకు.

నాయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. పదివేల కంప్యూటరు వార్తను పేపరు నుంచి కత్తిరించి కళ్ళద్దాల డబ్బాలో దాచుకున్నారు. నేను హైదరాబాదు నుంచి వెళ్ళినప్పుడు ఆ ముక్క తీసి చూపించి, "ఇదొకటి తెచ్చిపెట్టు, నా కవుల పని అయిపోతది" అన్నారు.

ఆ కవుల పని ఏమిటో చెప్పాలి. 'విద్వద్గద్వాల' అని పేరుపడిన సంస్థానం మాది. తిరుపతి వేంకట కవులు వచ్చి వెళ్ళిన ఆస్థానాల్లో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ఉన్నాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ నేలవారే. నాయన ఆశ అంత పెద్దది కాదు. పెద్ద పుస్తకాలకెక్కని చిన్న కవులు, ఊరి జాతరకు దండకం రాసినవారు, రాజుగారు శాలువా కప్పితే దాన్ని అమ్ముకుని ఆ ఏడు గడిపినవారు, భజన కీర్తనల్లో తమ పేరు ముద్రగా పెట్టి పోయినవారు. ముప్పై ఏళ్ళుగా ఊరూరా తిరిగి చీటీల మీద వారి వివరాలు రాసుకున్నారు. చీటీలు చెదలు పట్టక ముందే ఎత్తి రాయాలని తొందర.

పేపర్లో చూసిన పెట్టె దుకాణాలలో దొరకలేదు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో తిరిగి, అదే రకం భాగాలు ఒక్కొక్కటే కొని కూర్పించాను. తెర మాత్రం వాడినది. మొత్తం పదివేలు దాటి మరో పద్నాలుగు వందలయింది. లినక్సు పత్రికతో వచ్చిన సీడీ నుంచి ఎక్కించాను. ఆ రోజుల్లో సీడీ కొనాల్సిన పని కూడా ఉండేది కాదు. ఉబుంటు వారు అడిగిన ప్రతివారికీ ప్రపంచంలో ఏ మూలకైనా ఉచితంగా పోస్టులో పంపేవారు. 2011 దాకా పంపారు. మా ఇంటి చిరునామాతో ఒకసారి అలాంటి కవరు వస్తే, విదేశీ ముద్ర చూసి పోస్టుమాన్ మా ఇంట్లో ఎవరో అమెరికా పోయారనుకున్నాడు.

అదే 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగు నిర్వాహక వ్యవస్థను విడుదల చేసింది. ఇంజనీరింగు పిల్లలు కూర్చుని ఒక్కొక్క మెనూను తెలుగు చేస్తున్న కాలం. కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాదే తెలుగు ఖతులు, ఉపకరణాలతో ఉచిత సీడీ పంచింది. మన తిరుమల కృష్ణ దేశికాచారిగారి పోతన ఖతి అప్పటికే చేతిలో ఉంది. తెలుగు మెనూలు చూపిస్తే నాయన ఒక్కొక్కటే చదివి, 'దస్త్రం' అన్న మాట దగ్గర ఆగి నవ్వారు. "దస్త్రమంటే పట్వారీ ఇంట్ల బట్టమూట గదరా. దాన్ని ఎవ్వరికీ చూపించడు. ఇందులోకి ఎట్ల వచ్చింది?" అన్నారు. అనువాదకులకు ఈ వ్యాఖ్య పంపుదామనుకుని పంపలేదు.

ఇక్కడ మనవాళ్ళ గురించి ఒక మాట. మనమంతా ఆర్టీఎస్‌లో పుట్టి పెరిగినవాళ్ళం. ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే తెలుగు వస్తుందన్న సౌకర్యమే మనల్ని ఇంతమందిని చేసింది. కానీ ఇంగ్లీషు టైపు రానివారికి అది రెండు గోడలు. నాయనకు ఆ పద్ధతి చూపిస్తే, "నేను తెలుగు రాయాలంటే ముందు ఇంగ్లీషుల ఆలోచించాల్నా?" అన్నారు. ఆయనకు పనికొచ్చింది ఇన్‌స్క్రిప్ట్. 1986లో ప్రభుత్వం రూపొందించిన ఆ కీబోర్డులో అచ్చులన్నీ ఎడమ చేతివైపు, హల్లులు కుడివైపు. వర్ణమాల తెలిసినవాడికి పది రోజుల పని. క, పొల్లు, ష అని మూడు మీటలు నొక్కితే క్ష. లినక్సులో అది కట్టి ఉంది. మీటల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి అక్షరాలు రాసి ఇచ్చాను. దీపావళి నాటికి ఆయన చూడకుండా కొడుతున్నారు.

కష్టాలు లేవని కాదు. మొదట్లో వత్తులు సరిగా పడేవి కావు. 'ర' వత్తు అక్షరానికి దూరంగా పోయి ఒంటరిగా నిలబడేది. ఆ దశలో నాకు సాయపడినవాడు వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివే ఒక కుర్రవాడు, మా దూరపు బంధువు. 1959 నుంచీ వనపర్తి రాజభవనంలో నడుస్తున్న కళాశాల అది. ఏ సంస్థానం రాజు మెప్పు కోసం కవులు ఎదురుచూశారో, ఆ గోడల మధ్య చదివే పిల్లవాడు బస్సులో గద్వాలకు వచ్చి, కొత్త పాంగో లైబ్రరీ ఎక్కించి వత్తులు చక్కబరిచి, అమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని వెళ్ళాడు. డబ్బు తీసుకోలేదు. ఆ రోజుల్లో లినక్సు ఇలా నడిచింది. ఏ కంపెనీ సేవా కేంద్రమూ పాలమూరు జిల్లాలో ఆ పని చేయలేదు.

సరిచేయలేకపోయినది మోడెం. చవక పెట్టెల్లో లోపల బిగించే మోడెములకు సగం పని విండోస్ చేసిపెట్టాలి. అందుకే వాటిని విన్‌మోడెం అనేవారు. లినక్సు వాటిని గుర్తించదు. బయట పెట్టుకునే అసలు మోడెం ధర మూడు నాలుగు రెట్లు. ఇంట్లో బీఎస్ఎన్ఎల్ ఫోను ఉంది, కంప్యూటరు ఉంది, రెంటికీ మాట కలవదు. పదివేల కంప్యూటరు పథకాలు దేశమంతటా తడబడ్డ చోటు ఇదేనని నా అభిప్రాయం. ధర తగ్గించడానికి ఏ భాగాలు పెట్టారో, సరిగ్గా ఆ భాగాలే లినక్సుకు గిట్టేవి కావు. ప్రింటరుదీ అదే తీరు.

దాన్ని మించినది దొంగ విండోస్. ఆర్థికవేత్తలు ఎన్ని లెక్కలైనా చెప్పనీ, మా ఊళ్ళో విండోస్ ధర సున్న. బాగుచేయడానికి వచ్చినవాడి సంచిలో ఎప్పుడూ ఒక సీడీ ఉండేది, పైన స్కెచ్ పెన్నుతో ఎక్స్‌పీ అని రాసి. నూటయాభై ఇస్తే ఎక్కించేవాడు. ఉచితమైన లినక్సు పోటీ పడవలసింది అసలు విండోస్‌తో కాదు, దీనితో. రెండూ ఉచితమైనప్పుడు మనిషి పక్కింటివాడికి తెలిసినదే కోరుకుంటాడు. అమ్మేవారికీ ఈ సంగతి తెలుసు. లినక్సు వేసి అమ్మిన పెట్టెల్లో ఎన్నో వారం తిరగకుండానే విండోస్‌కు మారిపోయేవి.

నాగర్‌కర్నూలులో మా మేనబావ ఒక ఇంటర్నెట్ కేంద్రం నడిపేవాడు. వైరస్‌ల బాధ పడలేక 2006లో ఆరు కంప్యూటర్లలో లినక్సు వేయించాడు. నన్ను పిలిచి చూపించి, "బావా, ఇప్పుడు నెలకొకసారి ఫార్మాట్ చేసే బాధ తప్పింది" అని సంతోషించాడు. సంతోషం పరీక్షా ఫలితాల దాకానే. కొన్ని ఫలితాల సైట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లేనిదే తెరుచుకోలేదు. పేరున్న దినపత్రికల్లో కొన్ని తమ సొంత ఖతులతో నడిచేవి, ఫైర్‌ఫాక్సులో చూస్తే పిచ్చిగీతలు. 'పద్మ' పొడిగింపు వేసుకుంటే వాటిని యూనికోడులోకి మార్చి చూపేదని మనకు తెలుసు. గంటకు ఇరవై రూపాయలిచ్చి కూర్చున్నవాడికి తెలియదు. పక్క వీధి కేంద్రానికి పోయాడు. రెండు నెలలకు బావ మళ్ళీ పాత సీడీ వేయించుకున్నాడు. నేను తప్పుపట్టలేను.

మా ఇంట్లో జరిగినదీ దాదాపు అదే, కాకపోతే నష్టం వేరు. 2006 వేసవిలో మా అక్క కొడుకు సెలవులకు వచ్చి కంప్యూటరు కోర్సులో చేరాడు. అక్కడ నేర్పేది విండోస్, ట్యాలీ. ఇంట్లో అభ్యాసానికి అది కావాలన్నాడు. నెట్ కూడా వస్తుందన్నారు. ఊళ్ళో బాగుచేసే ఒకతను వచ్చాడు. "సార్, ఇందులో విండోసే లేదు, ఖాళీ పెట్టె" అన్నాడట. లినక్సు భాగాలను విండోస్ గుర్తించదు. ఎక్కించేటప్పుడు తెర మీద పేరులేని ఖాళీ జాగాగా కనబడి ఉంటుంది. అతను అబద్ధమాడలేదు, అతనికి అంతే కనబడింది. నాయన, "నేను రాసినవి ఉన్నయి గదా" అని ఒకసారి అడిగారట. "ఏం పోవు సార్" అన్నాడు.

ఏడు నెలల్లో నాయన నూటనలభైమంది కవుల వివరాలు టైపు చేశారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేను ప్రింటు తీయించుకున్నవి యాభైరెండు. తక్కినవన్నీ పోయాయి. టైపు చేసిన చీటీని చేసినట్టే ఆయన చించేసేవారు. రెండుసార్లు ఉంటే గందరగోళమని. కాపీ సీడీలో పెట్టుకోవాలని నేను చెప్పలేదు. ఈ పొరపాటు బాగుచేసినతనిది కాదు, నాది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. గుర్తున్నంతవరకు నోటుబుక్కులో మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. కీబోర్డు జోలికి మళ్ళీ పోలేదు. 2011లో కాలం చేశారు.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చు, మీకందరికీ తెలిసినదే. 2007 చివర తైవాను నుంచి ఆసుస్ వారి బుల్లి ఈఈఈ పీసీ లినక్సుతో వచ్చి ప్రపంచమంతా ఊపింది. మైక్రోసాఫ్ట్ వెంటనే చనిపోబోతున్న ఎక్స్‌పీకి ఆయువు పొడిగించి ఆ బుల్లి కంప్యూటర్లలోకి పంపింది. రెండేళ్ళలో లినక్సు వాటిలోంచి దాదాపు మాయమయింది. పిల్లల కోసం వంద డాలర్ల ల్యాప్‌టాప్ అన్నది వంద దగ్గర ఆగలేదు. 2012లో ఇంగ్లండు నుంచి ముప్పైఅయిదు డాలర్ల రాస్ప్‌బెర్రీ పై వచ్చింది గానీ, అది పనివాళ్ళ చేతి వస్తువయింది, పంతుళ్ళ ఇంటి వస్తువు కాలేదు. ఈలోగా లినక్సు ఇంకో దారిన వచ్చింది. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్సే. 2017లో పదిహేను వందల డిపాజిట్టుతో ఇచ్చిన జియోఫోనులోని కైఓఎస్ కూడా లినక్సు మీదిదే. గద్వాల సంతలో కూరగాయలమ్మే అవ్వ చేతిలో ఉన్నది లినక్సు కంప్యూటరే. ఎవరూ ఆ పేరుతో పిలవరు, పిలవనక్కరా లేదు. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. 2024 డిసెంబరులో మా పక్క నారాయణపేట జిల్లా మద్దూరులో టీ-ఫైబర్ వారు ఇంటి టీవీనే కంప్యూటరుగా వాడుకునే ఏర్పాటును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 2025లో జియో తన సెట్‌టాప్ పెట్టెతో అలాంటిదే ఇచ్చింది, అదీ లినక్సుదే. పెట్టె ఇంట్లో, రాసినవి మాత్రం ఎక్కడో దూరాన. నాయన ఉంటే దీన్ని పట్వారీ దస్త్రమనేవారేమో.

అటక మీద దొరికిన పెట్టె సంగతికొస్తాను. అందులోని 40 జీబీ డిస్కును ఊడదీసి, పాత డిస్కులను యూఎస్‌బీకి కలిపే తీగ ఒకటి తెప్పించి నా కంప్యూటరుకు తగిలించాను. తిరుగుతుందనుకోలేదు. తిరిగింది. ముందుగా మొత్తం డిస్కుకు నకలు తీసుకున్నాను. ఈసారి ఆ తెలివి ఉంది. ఫార్మాట్ చేసినంత మాత్రాన డిస్కు మీది రాతలన్నీ చెరిగిపోవు. పట్టిక చెరుగుతుంది. కొత్తవి వచ్చి పైన కూర్చునేదాకా పాతవి అక్కడే ఉంటాయి. యూనికోడు తెలుగులో ప్రతి అక్షరానికీ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఈ0, రెండవది బీ0 లేదా బీ1. ఇంగ్లీషులో, బొమ్మల్లో, ప్రోగ్రాముల్లో ఈ వరుస ఎడతెగకుండా రావడం అరుదు. కాబట్టి నలభై జీబీల చెత్తలో ఆ వరుస ఎక్కడుందో వెతకమని గ్రెప్‌కు చెప్పాను. ఆనాటి పత్రికల్లా నాయన కూడా ఏదో సొంత ఖతిలో టైపు చేసి ఉంటే, అవి ఇంగ్లీషు అక్షరాలుగానే దాగి ఉండేవి, ఇలా వెతకడానికి వీలే ఉండేది కాదు.

రాత్రంతా నడిచింది. ఉదయానికి నలభైమూడు ముక్కలు బయటపడ్డాయి. అందులో కొన్ని నా దగ్గర ప్రింటులో ఉన్నవే. కొత్తవి ఇరవైఆరు. పదకొండు పూర్తిగా ఉన్నాయి. తక్కినవి మధ్యలో తెగాయి, ఆ చోట ఎక్స్‌పీ తన ఫైళ్ళు రాసుకుంది. ఒకచోట తెగింది అక్షరం మధ్యనే, మూడు బైట్లలో ఒకటి పోయి నల్లటి ప్రశ్నగుర్తు మిగిలింది. నోటుబుక్కుతో పోల్చి చూస్తే, నాయనకు రెండోసారి గుర్తురాక వదిలేసిన కవులు ఇందులో ఏడుగురున్నారు. కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో పడవ నడుపుతూ పద్యాలు చెప్పిన ఒకాయన గురించి ఒకటిన్నర పేజీ ఉంది. ఆయన పేరు రాసిన మొదటి పంక్తి లేదు. ఇంటి పేరు, ఊరు, భార్య పేరు, ఏ తిథినాడు పోయాడో ఉన్నాయి. వచ్చే నెల ఆ ఊరికి వెళ్తున్నాను.